కొండ మీద గోళీ (వాడింగ్టన్ గారి జీవితం)

కాన్రాడ్ వాడింగ్టన్ గారు 1905లో ఇంగ్లండులో పుట్టారు. వాళ్ళ నాన్నగారిది దక్షిణ భారతదేశంలో తేయాకు తోట పని. కొన్నాళ్ళు ఇక్కడే పెరిగారు. చిన్నతనంలోనే ఇంగ్లండులో చుట్టాల దగ్గరికి పంపేశారు. అమ్మానాన్న ఇక్కడే ఉండిపోయారు. హాస్టల్ పిల్లలం మనకి ఆ బాధ వేరే చెప్పాలా!

కేంబ్రిడ్జిలో రాళ్ళ శాస్త్రం చదివారు. తర్వాత కోడిగుడ్డులో పిల్ల ఎలా తయారవుతుందో చూడటం మొదలుపెట్టారు. అన్ని కణాల్లో జన్యువులు ఒకటే కదా, మరి ఒకటి కన్ను, ఒకటి గుండె ఎలా అవుతాయి? ఈ చదువుకి 1942లో ఎపిజెనెటిక్స్ అని పేరు పెట్టారు. 1957లో తన పుస్తకంలో ఒక కొండ బొమ్మ వేయించారు. కొండ మీంచి గోళీ దొర్లుతుంది, కింద చాలా లోయలుంటాయి. గోళీ అంటే కణం. ఏ లోయలో దిగితే ఆ పని నేర్చుకుంటుంది. కొండల్లో పుట్టినవాళ్ళకి ఇది తొందరగా అర్థమవుతుంది.

1975లో ఎడింబరోలో చనిపోయారు. దారి చూపేవాటిలో జన్యువుల మీదుండే మిథైల్ గుర్తులు కూడా ఉన్నాయని తర్వాత బాగా తెలిసింది. 1983లో అమెరికా శాస్త్రవేత్తలు క్యాన్సర్ గడ్డల్లో ఆ గుర్తులు తగ్గిపోవడం చూశారు. ఇంకో రకం కూడా ఉంది. గడ్డని ఆపే జన్యువు మీద గుర్తులు ఎక్కువైతే అది మూగబోతుంది. అంటే జన్యువు అక్షరాలు పాడైతేనే కాదు, గుర్తులు మారినా కణం దారి తప్పుతుంది. అక్షరం దిద్దడం కష్టం గానీ గుర్తు తగ్గించొచ్చు. అలాంటి మందు అజాసిటిడిన్‌కి 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఎముక మూలుగలో రక్తం సరిగ్గా తయారవని ఒక జబ్బుకి దాన్ని ఇస్తారు. ఆ జబ్బు కొందరిలో రక్త క్యాన్సర్ అవుతుంది.