టైపిస్టు పోస్టులో ఫోటోగ్రాఫరు: డొరోతియా లాంగ్ జీవితం

ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం రాసి ఇమ్మని కార్యదర్శి గారు అడిగారు. దేశనాయకుల గురించి, కవుల గురించి మన మిత్రులు ఇదివరకే చాలా రాశారు. అందుచేత నేను మన కేడరుకు చెందిన ఒకరి గురించి రాస్తున్నాను. ఆమె అమెరికా దేశస్థురాలు, ప్రపంచ ప్రఖ్యాత ఫోటోగ్రాఫరు. అయితే సర్కారు కాగితాల్లో ఆమె తొలి హోదా టైపిస్టు.

1935లో కాలిఫోర్నియా రాష్ట్ర అత్యవసర సహాయ సంస్థలో పాల్ టేలర్ అనే అర్థశాస్త్ర ఆచార్యుడు వలస కూలీల స్థితిగతులపై నివేదికలు తయారు చేస్తున్నారు. ఒట్టి అంకెలు పెడితే పైవారికి కూలీల బతుకు కంటికి కట్టదని, ఫోటోలు కూడా జతపరచాలని ఆయన పట్టుదల. కానీ మంజూరైన పోస్టుల్లో ఫోటోగ్రాఫరు లేడు, టైపిస్టు ఉంది. ఆ పోస్టులోనే డొరోతియా లాంగ్‌ను వేసుకున్నారు. ఫిల్ముల ఖర్చు ఆఫీసు సామగ్రి పద్దులో రాశారు. మన దగ్గరైతే ఆడిట్ వారు ఏమనేవారో మీకు చెప్పనక్కరలేదు. నివేదిక మాత్రం పని చేసింది. కూలీలకు శిబిరాలు కట్టడానికి కేంద్ర నిధులు వచ్చాయి. అదే సంవత్సరం డిసెంబరులో టేలర్ గారు, ఆమె వివాహం చేసుకున్నారు. ఇద్దరికీ అది రెండో పెళ్లి.

ఆమె 1895 మే 26న న్యూజెర్సీ రాష్ట్రంలోని హోబోకెన్‌లో జర్మన్ సంతతి కుటుంబంలో పుట్టారు. ఏడేళ్ల వయసులో పోలియో వచ్చి కుడి కాలు బలహీనపడింది. జీవితాంతం కుంటుతూనే నడిచారు. పన్నెండో ఏట తండ్రి ఇల్లు విడిచి వెళ్లిపోయారు. తరువాత ఆమె తండ్రి ఇంటిపేరు వదిలేసి తల్లి పుట్టింటి పేరు లాంగ్ పెట్టుకున్నారు. చదువు పూర్తయ్యాక ఫోటోగ్రాఫరు కావాలని నిశ్చయించుకున్నారు, అప్పటికి చేతిలో కెమెరా కూడా లేదు. న్యూయార్క్‌లో స్టూడియోల్లో పని నేర్చుకున్నారు. 1918లో స్నేహితురాలితో ప్రపంచయాత్రకని బయలుదేరితే శాన్‌ఫ్రాన్సిస్కోలో డబ్బు దొంగలపాలైంది. ఇక అక్కడే ఆగి, మరుసటేడు సొంత స్టూడియో పెట్టారు. కలవారి కుటుంబాల ఫోటోలు తీస్తూ బాగానే గడిచింది. మేనార్డ్ డిక్సన్ అనే చిత్రకారుణ్ణి పెళ్లాడారు, ఇద్దరు కొడుకులు. 1929 తరువాత ఆర్థిక మాంద్యం వచ్చి, స్టూడియో కిటికీ కిందనే పనిలేనివాళ్లు తిరుగుతుంటే ఆమెకు లోపల కూర్చోబుద్ధి కాలేదు. 1933లో కెమెరా పట్టుకుని వీధిలోకి దిగి, ఉచిత రొట్టె కోసం క్యూ కట్టినవారిని ఫోటో తీశారు. అసలు జీవితం అక్కడ మొదలైంది.

ఆ కాలంలో అమెరికా నడిబొడ్డున నేలకు పెద్ద ఆపద వచ్చింది. ఓక్లహోమా, టెక్సాస్, కాన్సాస్, కొలరాడో, న్యూమెక్సికో ప్రాంతాల మైదానాలు వేల ఏళ్లుగా గడ్డి నేలలు. గడ్డి వేళ్లే మట్టిని పట్టి ఉంచేవి. మొదటి ప్రపంచయుద్ధంలో గోధుమ ధర పెరిగితే ఆ గడ్డిని దున్నేశారు. ధర పడిపోయాక, నష్టం పూడ్చుకోవాలని ఇంకా దున్నారు. 1931 నుంచి వానలు లేవు. పైరు లేదు, గడ్డి లేదు, మట్టిని పట్టేది ఏమీ లేదు. గాలి వీచి పైమట్టి అంతా లేచిపోయింది. 1934 మే నెలలో ఆ దుమ్ము న్యూయార్క్ దాకా వచ్చింది. 1935 ఏప్రిల్ 14, ఆదివారం నాడు పట్టపగలే చీకటి కమ్మింది. ఆ రోజును ఇప్పటికీ నల్ల ఆదివారం అంటారు. లక్షలాది మంది ఊళ్లు విడిచారు. ఎంతోమంది పాత కార్లకు పరుపులు కట్టుకుని కాలిఫోర్నియా దారి పట్టారు.

దుమ్ము తుఫానుల ఫోటోలు తీసినవారు చాలామంది ఉన్నారు. డొరోతియా గారు చూసింది వేరు. 1938లో టెక్సాస్‌లోని చిల్డ్రెస్ కౌంటీలో తీసిన ఫోటో ఒకటి చూడండి. ఖాళీ అయిన కౌలుదారు ఇల్లు, చుట్టూ ట్రాక్టరు చాళ్లు దాదాపు గడప దాకా వచ్చి ఉంటాయి. మనిషి లేడు, జంతువు లేదు. ఇంటివాళ్లు ఎందుకు పోయారో ఆ చాళ్లే చెబుతాయి. అంతా కరువు వల్ల జరిగింది కాదని, ట్రాక్టరు కొన్న భూస్వామి కౌలుదార్లను లేపేశాడని దాన్నిబట్టి తెలుస్తుంది.

ఆమె పనిలో నాకు అన్నిటికన్నా నచ్చింది నోట్సు రాసుకునే అలవాటు. కెమెరా దించగానే కారు దగ్గరకు వెళ్లి, ఆ మనిషి ఎక్కడినుంచి వచ్చాడు, ఎన్ని ఎకరాలు చేసేవాడు, కూలి ఎంత అనేవి అతని మాటల్లోనే రాసుకునేవారు. ఊరు, తేదీ లేని ఫోటో ఆమెకు సగం పనే. గుమాస్తాగా బతికినవాణ్ణి కనుక ఈ విషయం నాకు బాగా అర్థమవుతుంది. తేదీ లేని కాగితం ఫైల్లో ఎంత పనికొస్తుంది?

అంతటి మనిషికీ ఒక రోజు తప్పింది. ఆ రోజు తీసిన ఫోటోయే జగత్ప్రసిద్ధమైంది. 1936 మొదట్లో, నెలరోజుల క్యాంపు ముగించుకుని వానలో ఇంటికి వస్తూ నిపోమో అనే చోట బఠాణీ కోత కూలీల శిబిరం బోర్డు దాటిపోయారు. సుమారు ఇరవై మైళ్లు పోయాక మనసొప్పక వెనక్కి తిరిగారు. మంచు కొట్టి బఠాణీ పంట పోయింది, కూలి లేదు. డేరా కింద పిల్లలతో కూర్చున్న ముప్పై రెండేళ్ల తల్లిని కొన్ని ఫోటోలు తీసి పది నిమిషాల్లో వెళ్లిపోయారు. పేరు అడగలేదు. పత్రికలో ఫోటోలు వచ్చాక ప్రభుత్వం ఇరవై వేల పౌన్ల ఆహారం ఆ శిబిరానికి పంపింది. అది చేరేసరికి ఆ కుటుంబం వేరే చోటికి వెళ్లిపోయింది.

ఆ తల్లి ముఖం దుమ్ము తుఫాను బాధితులందరికీ గుర్తుగా నిలిచిపోయింది. ఆమె ఎవరో 1978లో గానీ లోకానికి తెలియలేదు. తెలిశాక చూస్తే, ఆమె చెరోకీ ఆదివాసి సంతతి. దుమ్ము తుఫానులకు ఎన్నో ఏళ్ల ముందే, 1920లలోనే ఓక్లహోమా నుంచి కాలిఫోర్నియాకు వచ్చిన మనిషి. కారు టైర్లు అమ్ముకుని తిన్నారని డొరోతియా గారు రాసింది నిజం కాదని కుటుంబం వారు చెప్పారు. ఫోటో వల్ల తనకు పైసా రాలేదని ఆమెకు బాధ ఉండేది. ఫోటో ప్రభుత్వపు సొత్తు కనుక డొరోతియా గారికీ దానిమీద రాబడి లేదు. శిబిరంలోని ఇతరులకు తిండి అందినమాట నిజమే. కానీ ఆ తల్లి చరిత్ర నలభై రెండేళ్లు తప్పుగా నడిచింది. ఇద్దరిలో ఎవరినీ తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఒక్క పేరు అడగకపోతే ఎంత దూరం పోతుందో చూడండి.

ఉద్యోగమూ ఆమెకు స్థిరంగా సాగలేదు. బడ్జెట్ తగ్గినప్పుడల్లా తీసేయడం, మళ్లీ పిలవడం. నెగెటివ్‌లు ఎవరి దగ్గర ఉండాలన్న దాని మీద పై అధికారి రాయ్ స్ట్రైకర్‌తో తగవు. 1939తో ఆ కొలువు ముగిసింది. అదే ఏడు భార్యాభర్తలిద్దరూ కలిసి, నేల విడిచి వలసపోయిన జనం గురించి ఒక పుస్తకం వెలువరించారు.

1942లో మళ్లీ సర్కారు పిలిచింది. జపానుతో యుద్ధం వచ్చినందున పశ్చిమ తీరంలోని జపాను సంతతి వారిని, సుమారు లక్షా ఇరవై వేల మందిని, శిబిరాల్లో నిర్బంధించారు. వారిలో అధికులు అమెరికా పౌరులే. అంతా సవ్యంగా జరుగుతోందని చూపే ఫోటోలు కావాలని ప్రభుత్వ ఉద్దేశం. ముళ్లకంచెలు, కాపలా బురుజులు తీయకూడదని ఆంక్ష. ఆమె నంబరు చీటీలతో నిలబడ్డ పిల్లల్ని, సామాన్ల మధ్య కూర్చున్న వృద్ధుల్ని, మాంజనార్ శిబిరం మీద లేచే ధూళిని తీశారు. సైన్యాధికారులు ఆ ఎనిమిది వందల ఫోటోలను జప్తు చేశారు. అయితే తగలబెట్టలేదు, దాఖలు చేశారు. యుద్ధం అయ్యాక అవి జాతీయ ఆర్కైవ్స్‌కు చేరాయి. 1972లో జరిగిన ప్రదర్శనలో కొన్నింటిని జనం చూశారు. 1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్న బాధితులకు తలా ఇరవై వేల డాలర్లు ఇచ్చింది.

చివరి పెద్ద పని బెర్రియెస్సా లోయ. కాలిఫోర్నియాలో మాంటిసెల్లో ఆనకట్ట కడుతున్నారు, అదే పేరుగల ఊరు, సారవంతమైన లోయ మునిగిపోతాయి. 1956లో పర్కల్ జోన్స్ అనే యువ ఫోటోగ్రాఫరుతో కలిసి ఆ లోయ ఆఖరి సంవత్సరమంతా ఫోటోలు తీశారు. ద్రాక్ష కోతలు, ఇళ్ల కూల్చివేత, చెట్ల నరికివేత, సమాధులు తవ్వి తరలించడం, బెదిరి ఖాళీ పొలంలో పరుగెత్తుతున్న గుర్రం. వేయించుకున్న లైఫ్ పత్రిక వాటిని ప్రచురించలేదు. 1960లో అపర్చర్ అనే పత్రిక ఒక సంచిక మొత్తం వాటికే ఇచ్చింది.

ఇది చదివినప్పుడు నా సర్వీసు మొదటి రోజులు గుర్తొచ్చాయి. ఒక జలాశయం ముంపు గ్రామాల్లో నష్టపరిహారం లెక్కలకు నన్ను వేశారు. ఇల్లు ఎన్ని గజాలు, బావి ఎంత లోతు, చింతచెట్లు ఎన్ని అని కాలమ్స్ నింపేవాణ్ణి. ఒక పెద్దాయన వేపచెట్టు కింద అరుగు చూపించి, మా తాత వేయించాడు, ఇది కూడా రాయి బాబూ అన్నాడు. దానికి కాలమ్ లేదు. రిమార్కుల్లో రాయవచ్చు, ఎవరూ వద్దనరు. నేను రాయలేదు. ఆ ఊరు ఇప్పుడు నీళ్ల కింద ఉంది, ఆ అరుగు మాట ఏ ఫైల్లోనూ లేదు.

1964లో ఆమెకు అన్నవాహిక క్యాన్సరని తేలింది. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఆమె ఫోటోలతో పెద్ద ప్రదర్శన తలపెట్టింది. మిగిలిన ఆ సంవత్సరమూ ఇంట్లోనే కూర్చుని ఫోటోలు ఎంపిక చేశారు. 1965 అక్టోబరు 11న కన్నుమూశారు. 1966 జనవరిలో ప్రదర్శన మొదలైంది.

ప్రభుత్వ కొలువులో ఆమె తీసిన ఫోటోలు చాలావరకు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. కంప్యూటర్‌లో ఉచితంగా చూడవచ్చు. మనవలచేత తీయించుకుని చూడండి. చాలా ఫోటోల కింద చిన్న అక్షరాల్లో ఊరు, నెల, సంవత్సరం, ఆమె రాసుకున్న నోట్సు ఉంటాయి. అవి కూడా చదివించుకోండి.