రెండు వేల మైళ్ళ కాలిబాటకు ఆద్యుడు బెంటన్ మెకై

ఊరి డొంక ఎవరిదని అడిగితే అందరిదీ అంటాం. ఆ డొంకలో ముళ్ళకంప పెరిగితే కొట్టేదెవరని అడిగితే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటాం. అందరిదీ అయిన దారి చివరకు ఎవరిదీ కాకుండా పోవటం పల్లెల్లో కొత్త సంగతి కాదు. అటువంటిది, రెండు వేల మైళ్ళు దాటిన ఒక కాలిబాటను జీతభత్యాలు ఆశించని మనుషులు నూరేళ్ళుగా కాపాడుకుంటూ వస్తున్నారంటే ఆశ్చర్యం కలుగుతుంది. అమెరికా తూర్పు భాగంలోని అపలాచియన్ కొండల మీదుగా 14 రాష్ట్రాల గుండా సాగే ఆ బాటను మొదట ఊహించినవారు బెంటన్ మెకై.

బాట పొడవు సుమారు 2,200 మైళ్ళు, అంటే దాదాపు 3,500 కిలోమీటర్లు. కన్యాకుమారి నుంచి కాశ్మీరు దాకా నడిచినంత దూరం. దక్షిణాన జార్జియా రాష్ట్రంలోని స్ప్రింగర్ కొండ దగ్గర మొదలై, ఉత్తరాన మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ కొండ మీద ముగుస్తుంది.

కొండలెక్కిన కుర్రవాడు

మెకై 1879 మార్చి 6న కనెక్టికట్ రాష్ట్రంలోని స్టామ్‌ఫర్డ్‌లో జన్మించారు. తండ్రి స్టీల్ మెకై ఆ రోజుల్లో పేరున్న నటుడు, నాటక రచయిత. పేరు ఉన్నంతగా ఇంట్లో డబ్బు నిలవలేదు. కుటుంబం మసాచుసెట్స్ రాష్ట్రంలోని షిర్లీ సెంటర్ అనే చిన్న పల్లెకు చేరింది. మెకైకి పదిహేనేళ్ళు నిండకముందే 1894లో తండ్రి మరణించారు.

పల్లె చుట్టూ ఉన్న గుట్టలూ, వాగులూ ఆ కుర్రవాడికి రెండో బడి అయ్యాయి. తిరిగిన చోటల్లా ఏ చెట్టు ఉన్నదీ, ఏ వాగు ఎటు పారేదీ పుస్తకంలో రాసుకునేవాడు. తానే పటాలు గీసుకునేవాడు. 1900లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకుని, ఆ వేసవిలో స్నేహితునితో కలిసి వెర్మాంట్ కొండల్లో నడక సాగించారు. అక్కడ స్ట్రాటన్ కొండ మీద చెట్టెక్కి చూస్తే, ఒకదాని వెనుక ఒకటిగా కొండల వరుస కంటికి ఆనినంత మేరా కనిపించింది. ఈ కొండలన్నిటినీ కలుపుతూ ఒకే బాట ఉంటే ఎలా ఉంటుందన్న తలపు అక్కడే పుట్టిందని తరువాతి రోజుల్లో ఆయన చెప్పుకునేవారు.

1905లో హార్వర్డ్‌లో అటవీ శాస్త్రం పూర్తి చేసి ప్రభుత్వ అటవీశాఖలో చేరారు. కొండ మీద అడవి ఉంటే వాగులో నీరు ఎలా నిలుస్తుంది, అడవి కొట్టేస్తే వరద ఎంత త్వరగా దిగుతుంది అన్న విషయాన్ని 1912లో న్యూహాంప్‌షైర్ కొండల్లో కొలిచి చూశారు. తూర్పు రాష్ట్రాల్లో కొండ అడవులను ప్రభుత్వం కొనటానికి ఇటువంటి పరిశీలనలు ఆధారమయ్యాయి.

దుఃఖంలో పుట్టిన పథకం

మెకై 1915లో జెస్సీ హార్డీ స్టబ్స్‌ను వివాహమాడారు. స్త్రీలకు ఓటుహక్కు కావాలని దేశమంతా తిరిగి పనిచేసిన మహిళ ఆమె. 1921 ఏప్రిల్‌లో ఆమె విషాదకరంగా మరణించారు. పిల్లలు లేరు. మెకై మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు.

మనసు చెదిరి ఉన్న ఆ రోజుల్లో స్నేహితులు ఆయన్ను చేరదీశారు. ఇరవై ఏళ్ళుగా మనసులో ఉన్న బాటను కాగితం మీద పెట్టమన్నారు. ఆ ఏడాది అక్టోబరులో వాస్తు శిల్పుల సంఘం పత్రికలో మెకై వ్యాసం వెలువడింది. మిల్లుల్లో, ఆఫీసుల్లో అలసిపోయిన జనానికి కొండ మీద గాలి, నడక, విశ్రాంతి దొరకాలన్నది అందులోని సారాంశం. బాట ఒక్కటే కాదు. దారి పొడవునా రాత్రి తలదాచుకునే విడిదులు, ఉమ్మడిగా సేద్యం చేసుకునే శిబిరాలు, చిన్న చిన్న సహకార పల్లెలు కూడా వెలియాలని ఆయన ఆశించారు.

ఆ వ్యాసంలో పెద్ద కలతోపాటు ఒక చిన్న ఏర్పాటు కూడా ఉంది. ఇంత పొడవు బాటను ఒకే ఆఫీసు నడపలేదని మెకై గ్రహించారు. బాటను ముక్కలుగా విడదీసి, ఏ ముక్కను ఆ ప్రాంతం మనుషుల సంఘానికే అప్పగించాలని రాశారు. పని కూలికి కాక శ్రమదానంగా జరగాలన్నారు. నూరేళ్ళ తరువాత కూడా బాట నిలిచి ఉండటానికి మూలం ఈ ఏర్పాటే.

ఈ పద్ధతికి పునాది అప్పటికే ఉంది. 1876లోనే బోస్టన్‌లో అపలాచియన్ మౌంటెన్ క్లబ్ వెలసింది. 1910లో వెర్మాంట్‌లో గ్రీన్ మౌంటెన్ క్లబ్ ఏర్పడి తమ రాష్ట్రం పొడవునా లాంగ్ ట్రయల్ అనే బాట వేయటం మొదలుపెట్టింది. మెకై ఇటువంటి సంఘాల చుట్టూ తిరిగి, ఎవరి బాటను వారు పొడిగించి పక్కవారి బాటతో కలపమని నచ్చజెప్పారు. 1923 అక్టోబరు 7న న్యూయార్క్ రాష్ట్రంలో, బేర్ మౌంటెన్ దగ్గర, మొదటి ముక్క తెరుచుకుంది. 1925 మార్చిలో వాషింగ్టన్‌లో సంఘాలన్నీ కూడి అపలాచియన్ ట్రయల్ కాన్ఫరెన్స్ అనే ఉమ్మడి సంస్థను స్థాపించుకున్నాయి.

కల ఒకరిది, గొడ్డలి మరొకరిది

ఆ సభ తరువాత రెండేళ్ళపాటు మాటలే ఎక్కువ, పని తక్కువ అయింది. మెకై ఆలోచనాపరుడు. గొడ్డళ్ళు పట్టే మనుషులను పోగుచేసి, లెక్కలు చూసి, వెంటపడి పని చేయించే తీరు ఆయనది కాదు. ఆ లోటును మొదట ఆర్థర్ పెర్కిన్స్ అనే రిటైరయిన జడ్జి, ఆయన తరువాత మైరన్ ఏవరీ అనే యువ లాయరు పూరించారు. మెయిన్ రాష్ట్రంలో పుట్టిన ఏవరీ ప్రభుత్వోద్యోగం చేసుకుంటూ, సెలవు రోజులన్నీ కొండల మీదే గడిపేవారు. సైకిలు చక్రానికి కొలత సాధనం అమర్చుకుని దాన్ని తోసుకుంటూ అడుగడుగూ కొలిచారు. 1936 నాటికి బాటనంతా నడిచిన తొలి మనిషిగా పేరు పొందారు. దారి లేనిచోట సంఘం పెట్టించారు, సంఘం నీరసించినచోట ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి లేపారు.

ఇంతలో ఇద్దరికీ బెడిసింది. 1931లో వర్జీనియాలోని షెనాండోవా కొండల శిఖరాల వెంబడి ప్రభుత్వం మోటారు రోడ్డు వేయటం మొదలుపెట్టింది. కాలిబాట పోయే వరుస కూడా అదే. శిఖరం మీద కార్లు తిరిగితే ఇక కొండకు వచ్చిన ప్రయోజనమే లేదని మెకై పట్టుపట్టారు. ఏవరీ మాట వేరు. రోడ్డును ఆపటం మన చేతిలో లేదు, బాటను పక్కకు జరిపైనా సరే ముందు రెండు కొసలూ కలపాలని ఆయన అభిప్రాయం. 1935 ప్రాంతంలో ఉత్తరాలు ఘాటెక్కి, స్నేహం తెగింది. మెకై ఆ ఏడాదే కొందరు మిత్రులతో కలిసి అడవుల రక్షణ కోసం వైల్డర్‌నెస్ సొసైటీని స్థాపించారు. 1945 నుంచి 1950 వరకు దానికి అధ్యక్షులుగా ఉన్నారు.

ఈ తగవులో ఎవరిది తప్పని తేల్చటం తేలిక కాదు. మెకై పట్టుదల లేకపోతే బాట మరో రోడ్డు పక్క దారిగా మిగిలేది. ఏవరీ తొందర లేకపోతే అది కాగితం మీదే ఉండిపోయేది. 1937 ఆగస్టు 14న మెయిన్ రాష్ట్రంలో చివరి రెండు మైళ్ళూ పూర్తయి, బాట ఈ కొస నుంచి ఆ కొసకు కలిసింది. ఏవరీ 1952లో, 52 ఏళ్ళకే కన్నుమూశారు.

వేయటం ఒక ఎత్తు, నిలపటం ఒక ఎత్తు

బాట పూర్తయిన మరుసటి ఏడాదే, 1938లో, పెనుతుఫాను వచ్చి ఈశాన్య రాష్ట్రాల్లో చెట్లను నేలకూల్చింది. తరువాత యుద్ధం వచ్చింది. పనిచేసే మనుషులు సైన్యానికి పోగా బాటను పొదలు కమ్మేశాయి. తెగిన చోట్లను మళ్ళీ కలిపేసరికి 1951 అయింది. 1948లో ఎర్ల్ షేఫర్ అనే మాజీ సైనికుడు ఒక్క నడకలో బాటనంతా పూర్తిచేశారు. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే రైతు కుటుంబపు మహిళ, 11 మంది పిల్లల తల్లి, 67వ ఏట గుడ్డ సంచీ భుజాన వేసుకుని ఒంటరిగా నడిచి చూపించారు. బాట చాలాచోట్ల పాడుపడి ఉందని ఆమె చెప్పిన సంగతి పత్రికల్లో వచ్చి, బాగుచేత మీద శ్రద్ధ పెరిగింది.

బాగుచేయటమంటే ఏమిటో రైతుకు వేరే చెప్పనక్కరలేదు. వాన నీరు బాట వెంట పారితే ఒక్క ఏడాదిలో అది కాలువ అవుతుంది. అందుకని అడ్డంగా రాళ్ళు గానీ దుంగలు గానీ పాతి నీటిని పక్కకు మళ్ళిస్తారు. పడిన చెట్లను కోసి తొలగిస్తారు. యంత్రాలు నిషేధించిన అడవుల్లో ఇద్దరు చెరోవైపు పట్టి లాగే రంపంతోనే కోస్తారు. నడిచేవారు దారి తప్పకుండా చెట్లమీద రెండు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల పొడవున తెల్లరంగు గుర్తులు వేస్తారు. మూడు వైపులే గోడలున్న విడిదులు 250కి పైగా ఉన్నాయి, వాటినీ మరమ్మతు చేస్తారు. ఒక్కో సంఘం తన వంతు బాటను మళ్ళీ మైళ్ళ లెక్కన సభ్యులకు పంచుతుంది. ఫలానా రాయి నుంచి ఫలానా వాగు దాకా నాది అని చెప్పుకునే మనిషి ఉంటాడు కాబట్టే అక్కడ కంప పెరగదు.

శ్రమదానం తీర్చలేని చిక్కు ఒకటి మిగిలింది. బాటలో పెద్ద భాగం సొంత పొలాల మీదుగా, రోడ్ల మీదుగా పోయేది. యజమాని మారి కంచె వేస్తే బాట తెగినట్లే. సంఘాల ఒత్తిడి ఫలించి 1968 అక్టోబరు 2న జాతీయ కాలిబాటల చట్టం వచ్చింది. అప్పటికి మెకై వయసు 89. దారి వెంట భూమి కొనటానికి 1978లో 9 కోట్ల డాలర్లు మంజూరు చేసేందుకు చట్టాన్ని సవరించారు. 1984లో ప్రభుత్వం ఇంకో అడుగు వేసి, కొన్న భూమి ఆలనాపాలనను ఉమ్మడి సంస్థకే అప్పజెప్పింది. కొనేది సర్కారు, కాపాడేది సంఘాలు. ఆ సంస్థ 2005లో అపలాచియన్ ట్రయల్ కన్జర్వెన్సీ అని పేరు మార్చుకుంది. దాని కింద సుమారు 30 సంఘాలు పనిచేస్తున్నాయి. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను దక్షిణ భాగంలో వేలాది చెట్లను పడగొట్టినప్పుడు కూడా రంపాలు పట్టుకుని ముందు కదిలినవారిలో ఈ సంఘాలవారున్నారు.

చివరి రోజులు

మెకై ఉద్యోగాలు మారుతూ, ఎప్పుడూ కొద్దిపాటి రాబడితోనే బతికారు. 1945లో ఉద్యోగం వదిలి షిర్లీ సెంటర్‌లోని ఇంటికే తిరిగి వచ్చారు. చివరి ఏళ్ళలో చూపు బాగా మందగించింది. 1975 డిసెంబరు 11న, 96 ఏళ్ళ వయసులో ఆ ఇంట్లోనే కన్నుమూశారు. తాను ఊహించిన బాటను ఆయన ఎన్నడూ మొత్తం నడవలేదు. ఆశించిన సేద్యపు శిబిరాలూ, సహకార పల్లెలూ రానే లేదు. బాట ఒక్కటే వచ్చింది. దాని మీద ఏటా దాదాపు 30 లక్షల మంది ఎంతో కొంత దూరం నడుస్తున్నారు.

ఆయన పేరుతో జార్జియా, టెన్నెసీ, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో మూడు వందల మైళ్ళకు చేరువైన మరో కాలిబాట ఉంది. దాన్ని వేయటానికి 1980లో ఒక స్వచ్ఛంద సంఘం ఏర్పడింది. పాతికేళ్ళు పనిచేసి 2005లో పూర్తిచేసింది. ఆ బాటలో కూడా ప్రతి ముక్కకూ ఒక మనిషి ఉన్నాడు. ఏ దారికైనా, అది రెండు వేల మైళ్ళ కొండబాట అయినా, చెరువుకట్ట దాకా పోయే డొంక అయినా, కావలసింది ఆ ఒక్క మనిషే.