పట్టా అందుకోని ‘సి’ సృష్టికర్త

లైబ్రరీ ఫంక్షన్ వాడకుండా, ఓ వాక్యంలో ఫలానా ముక్క ఉందో లేదో వెతికే కోడ్ సి లాంగ్వేజ్‌లో రాయమంటే ఇంటర్వ్యూలో చాలామందికి చెయ్యి ఆగిపోతుంది. పైథాన్‌లో అయితే ‘ఇన్’ అని ఒక్క మాట రాస్తే సరిపోతుంది. సిలో ఆ సుఖం ఎందుకు లేదో తెలియాలంటే డెనిస్ రిచీ దగ్గరికి వెళ్లాలి.

ఆయన 1941లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. నాన్న బెల్ ల్యాబ్స్ ఉద్యోగి. హార్వర్డ్‌లో ఫిజిక్స్ డిగ్రీ అయ్యాక పీహెచ్‌డీలో చేరి, థీసిస్ కూడా రాసేశారు. కానీ బైండింగ్ చేయించిన కాపీ యూనివర్సిటీకి ఇవ్వలేదు. అంతే, డాక్టరేట్ రాలేదు! 1967లో తండ్రి పనిచేసిన సంస్థలోనే చేరిపోయారు.

అక్కడ కెన్ థాంప్సన్ రాసిన ‘బి’ భాషను పీడీపీ-11 కంప్యూటర్ కోసం మార్చుకుంటూ వెళ్తే అది ‘సి’ అయింది. 1973లో యూనిక్స్ కెర్నల్‌ని అందులోనే తిరగరాశారు.

అంతకుముందున్న బీసీపీఎల్ భాషలో స్ట్రింగ్ పొడవు మొదట్లోనే ఉండేది. ఆ అంకెకు ఇచ్చిన చోటు చిన్నది కాబట్టి స్ట్రింగ్ సైజుకీ హద్దు పడేది. బి ఆ పద్ధతి వదిలేసి చివర్లో ఒక గుర్తు పెట్టింది. సిలో ఆ గుర్తు సున్నా బైట్. అది కనిపించేదాకా నడవాల్సిందే. దాన్ని చూసుకోకుండా దాటేశామా, పక్క మెమరీలోకి వెళ్లిపోతాం.

బ్రయాన్ కెర్నిగన్‌తో కలిసి 1978లో తెచ్చిన పుస్తకంలో ఫంక్షన్ల అధ్యాయం ఈ వెతుకులాటతోనే మొదలవుతుంది. రెండు లూపులు: బయటిది ఎక్కడ మొదలెట్టాలో చూస్తుంది, లోపలిది అక్షరం అక్షరం పోలుస్తుంది. మనవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. ‘ఏఏఏబీ’లో ‘ఏఏబీ’ వెతకండి. మొదటి రెండూ కలిశాయి, మూడోది తేడా కొట్టింది. ఆగిన చోటు నుంచే ముందుకెళ్తే ఇక దొరకదు. వెనక్కొచ్చి రెండో ‘ఏ’ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. రాసేముందు కాగితం మీద ఇది ఒకసారి వేసి చూసుకోండి.

1983లో థాంప్సన్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్న రిచీ, 2007లో రిటైరయ్యారు. ఒంటరిగా ఉండేవారు. 2011 అక్టోబర్ 12న తన ఇంట్లో చనిపోయి కనిపించారు. స్టీవ్ జాబ్స్ పోయి అప్పటికి సరిగ్గా వారం. ప్రపంచమంతా ఇంకా ఆ వార్తలోనే ఉంది. ఐఫోన్ లోపలి కెర్నల్ చాలావరకు సిలో రాసిందే.