మోటారు సైకిలు నుండి విమానమునకు: గ్లెన్ కర్టిస్ జీవితము

గడచిన వేసవి సెలవులకు ముందొకనాడు గణితపు తరగతిలో ఒక బాలుని బల్ల క్రింద చిన్న విమానమొకటి మాకు దొరకినది. వెదురు పుల్లల చట్రము, పలుచని కాగితపు రెక్కలు, మెలిపెట్టిన రబ్బరుతో తిరుగు పంకా, ఇంతియే దాని నిర్మాణము. మేము దానిని లాగికొని సొరుగులో వేసి తాళము వేసితిమి. ఆ బాలుడే సాయంకాలములందు ప్రొద్దుటూరులో ఒక మరమ్మతు దుకాణమున కూర్చుండి, పాత బుల్లెట్టులను యెజ్డీలను విప్పి తుడిచి కూర్చుటలో సాయపడుచుండునని పిమ్మట తెలియవచ్చినది. నేలమీద భడభడ మ్రోగు పాత బండి యెక్కడ, గాలిలో తేలు కాగితపు బొమ్మ యెక్కడ? ఈ రెండింటి మీదను ఒక్కనికే మనసు పోవుట మాకు వింతగా దోచెను. విచారింపగా ఇది వింత కాదని తెలిసినది. పాత మోటారు సైకిళ్లను ప్రాణపదముగా కాపాడుకొనువారిలో చిన్న విమానములను కట్టి ఎగురవేయువారు అన్ని దేశములందును కలరు. ఆ రెండు వేడుకలకును ఉమ్మడి పూర్వికుడని చెప్పదగిన యొక పురుషుడు అమెరికా దేశమున నుండెను. ఆయన పేరు గ్లెన్ హామండ్ కర్టిస్. ఆయన జీవితమును మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఇచ్చట తెలుపుచున్నాము.

న్యూయార్కు రాష్ట్రమున క్యూకా అను సరస్సు యొడ్డున హామండ్స్‌పోర్టు అను చిన్న యూరు గలదు. మన పులివెందుల ప్రాంతమునకు చీనీ తోటలెట్లో ఆ యూరికి ద్రాక్ష తోటలట్లు. అచ్చట 1878వ సంవత్సరము మే నెల 21వ తేదీన కర్టిస్ జన్మించెను. తాత మెథడిస్టు సంఘమున బోధకుడు. తండ్రి గుఱ్ఱపు జీనులు, పగ్గములు కుట్టి జీవించువాడు. బాలునకు అయిదేండ్లు నిండకమునుపే తండ్రి మరణించెను. చెల్లెలు రూతా మెదడు పొరలకు వచ్చిన వ్యాధివలన వినికిడి కోల్పోగా, చెవిటి పిల్లల పాఠశాలలో ఆమెను చేర్చుటకై తల్లి రోచెస్టరు నగరమునకు కాపురము మార్చెను. గ్లెన్‌ను పెంచిన భారము చాలవఱకు నాయనమ్మ మీద పడెను.

ఎనిమిదవ తరగతితో ఆయన చదువు ముగిసినది. ఇది చెప్పుటకు ఉపాధ్యాయులమైన మాకు కొంత సంకోచము కలదు, కాని నిజమును దాచుట తగదు. లెక్కలలో మాత్రము ఆయన చుఱుకైనవాడు. రోచెస్టరులో ఫొటోగ్రాఫు ఫిలుములు చేయు ఈస్ట్‌మన్ కర్మాగారమున పనికి కుదిరి, చేతితో చేయు అచ్చుపని త్వరగా సాగుటకు ఒక సాధనమును కల్పించి యజమానులచే అంగీకరింపజేసెను. పిమ్మట తంతి కచేరీలో సైకిలుపై తంతులు పంచెను. సైకిలు పందెములలో పాల్గొనెను. 1898లో లీనా నెఫ్ అను కన్యను వివాహమాడి, స్వగ్రామమున సైకిళ్ల దుకాణము తెరచెను. వారి మొదటి కుమారుడు పసితనముననే మరణించెను.

1901లో ఆయన సైకిలునకు ఇంజను బిగింపవలెనని సంకల్పించెను. ఇంజనునకు పోతపోసిన భాగములను తపాలా ద్వారా తెప్పించుకొనెను గాని, పెట్రోలును గాలితో కలిపి యిచ్చు కార్బురేటరు వానితో రాలేదు. ఖాళీ టొమాటో డబ్బా నొకదానిని తీసికొని, అందు సన్నని వలగుడ్డ నమర్చి, దానినే కార్బురేటరుగా వాడెను. బండి నడచెను. మొదటి ఇంజను బలము చాలకపోగా రెండవది పెద్దదిగా చేయించెను, అది మరీ బరువయ్యెను. అప్పుడు ఇతరుల ఇంజనులను నమ్ముట మాని, 1902 నాటికి తానే ఇంజనులను చేసి మోటారు సైకిళ్లను అమ్మసాగెను. 1903లో యోంకర్సు పట్టణమున ఒక మైలు దూరమును గంటకు 64 మైళ్ల వేగమున నడపి పేరు గాంచెను.

ఇచ్చట ఇంజనుల సంగతి కొంత వివరింపవలెను, ఏలయన రెండు వేడుకలను కలుపు ముడి ఇదియే. మోటారు కారునకు బరువు పెద్ద దోషము గాదు, నాలుగు చక్రములు దానిని మోయును. ఇంజనును చల్లార్చుటకు నీరును, నీటికి తొట్టియు దానియందుండవచ్చును. రెండు చక్రముల బండికి అట్టి బరువు పనికిరాదు. అందుచే సిలిండరు చుట్టును పలుచని అంచులను వరుసగా పోతపోసి, వీచు గాలికే అది చల్లారునట్లు చేయుదురు. మన వీధులలోని బుల్లెట్టు ఇంజను ప్రక్కను ఈ యంచులను మీరందఱును చూచియే యుందురు. కొద్ది బరువులో ఎక్కువ బలము నిచ్చు ఇట్టి ఇంజనే ఆకాశయానమునకును కావలసినది. కాలిఫోర్నియాలో థామస్ బాల్డ్విన్ అను బెలూనుల నిపుణుడు ఒక కర్టిస్ మోటారు సైకిలును చూచి దాని ఇంజనును తెప్పించుకొని, 1904లో తన గాలియోడకు బిగించి విజయము పొందెను. అప్పటికి కర్టిస్‌కు విమానములయందు ప్రత్యేకమైన ఆసక్తి లేదు. ఆకాశమే ఆయన దుకాణమునకు వెదకికొని వచ్చినదనవచ్చును.

1907 జనవరిలో ఆయన ఫ్లోరిడాలోని ఆర్మండ్ సముద్రతీరమున చేసిన సాహసము నేటికిని మోటారు సైకిళ్ల ప్రియులు చెప్పుకొనుచుందురు. గాలియోడల కొఱకు తాను నిర్మించిన ఎనిమిది సిలిండర్ల ఇంజనును, 40 గుఱ్ఱముల బలము గలదానిని, పొడవైన సైకిలు చట్రమున బిగించి, గట్టి ఇసుకపై మైలు దూరమును గంటకు 136 మైళ్ల పైచిలుకు, అనగా సుమారు 219 కిలోమీటర్ల వేగమున దాటెను. ఆ వేగమున ప్రొద్దుటూరు నుండి జమ్మలమడుగునకు ఆఱు నిమిషములలోపున చేరవచ్చును. తిరిగి వచ్చుచుండగా చక్రమును ద్రిప్పు ఇరుసు కీలు విఱిగి బండి వంకరపోయెను గాని, ఆయన ఎట్లో నిలదొక్కుకొని ప్రాణములతో దిగెను. రెండవ పరుగు నెఱవేరనందున ఆ వేగము అధికారిక దాఖలాలకెక్కలేదు. ఆ బండి నేడు అమెరికా జాతీయ విమాన ప్రదర్శనశాలయగు స్మిత్సోనియన్ సంస్థ వద్ద నున్నది. మోటారు సైకిలు విమానముల ప్రదర్శనశాలలో నుండుట మా బాలుని కథవంటిదే.

అదే సంవత్సరము టెలిఫోనును కనిపెట్టిన గ్రాహం బెల్ ఆకాశయాన పరిశోధనకై అయిదుగురితో ఒక సంఘమును స్థాపించి, ఇంజనుల పనికై కర్టిస్‌ను చేర్చుకొనెను. దానికి ధనమిచ్చినది బెల్ భార్య మేబెల్. ఆమెయు చిన్ననాడే వినికిడి కోల్పోయినది. కర్టిస్ కుటుంబపు కష్టమును ఆ దంపతులకు వివరించి చెప్పవలసిన పని యుండలేదు. ఈ సంఘము నిర్మించిన మూడవ విమానమునకు జూన్ బగ్ అని పేరు. రెక్కల గుడ్డ గుండా గాలి పోవుచుండుటచే అది తొలుత సరిగా లేవలేదు. పారఫిన్ మైనము, టర్పెంటైను, పెట్రోలు, పసుపుమన్ను కలిపి గుడ్డకు పూయగా ఆ చిక్కు తీఱెను. చిన్న విమానములు చేయువారు నేటికిని రెక్కల కాగితమునకు పూత పూయుట ఇందులకే. 1908 జూలై 4వ తేదీన, ప్రజలందఱును చూచుచుండగా, కర్టిస్ దానిని 5,000 అడుగులకు పైగా నడపి సైంటిఫిక్ అమెరికన్ పత్రికవారి బహుమానమును గెలిచెను. కావలసినది ఒక్క కిలోమీటరే.

మఱుసటి సంవత్సరము ఆగష్టులో ఫ్రాన్సు దేశపు రాన్సు నగరమున జరిగిన అంతర్జాతీయ పందెమున, 20 కిలోమీటర్ల దూరమును పదునాఱు నిమిషములలోపున తిరిగి, ఇంగ్లీషు కాలువను దాటి కీర్తిగాంచిన బ్లేరియోను ఆఱు సెకండ్ల లోపు తేడాతో ఓడించెను. 1910 మే 29వ తేదీన ఆల్బనీ నుండి న్యూయార్కునకు హడ్సను నది వెంబడి సుమారు 150 మైళ్లు ఎగిరి పదివేల డాలర్లు గెలుచుకొనెను. గాలిలోనున్న కాలము 2 గంటల 51 నిమిషములు. గండికోటయొద్ద పెన్న కొండలను చీల్చికొని పోవునట్లే ఆ నదియు ఒకచోట కొండల నడుమ పోవును. అచ్చటి సుడిగాలికి విమానము తలక్రిందులగునంత పని జరిగెనట. 1911 జనవరిలో నీటిమీద నుండి లేచి నీటిమీదనే దిగు విమానమును శాన్ డీగో వద్ద నడపెను. ఓడ తట్టుపై విమానము మొదటిసారి దిగినదియు ఆ నెలలోనే. అది కర్టిస్ విమానమే, నడపినవాడు యూజీన్ ఈలీ.

ఇంతవఱకు చెప్పినది కీర్తి. మిగిలిన సగమును చెప్పకున్న చరిత్రము పూర్తి గాదు.

కర్టిస్ పుట్టిన 1878వ సంవత్సరముననే, బిషప్ రైటు అను దైవసేవకుడు తన పిల్లలకు ఒక బొమ్మ తెచ్చి యిచ్చెను. ఫ్రాన్సు దేశీయుడగు పెనో కల్పించిన నమూనాపై చేసినది. రబ్బరు మెలిపెట్టి వదలిన గాలిలోనికి లేచునది. ఆ బొమ్మతో ఆడుకొనిన విల్బరు, ఆర్విలు సోదరులే పెద్దవారై, సైకిళ్ల దుకాణము నడపుచు, 1903 డిసెంబరు 17వ తేదీన మొట్టమొదటి విమానమును ఎగురవేసిరి. (ఈ సంగతిని మఱల చదివిన దినముననే మేము సొరుగు తెరచి ఆ బాలుని విమానమును వానికి తిరిగి యిచ్చితిమి. అప్పటికి రబ్బరు చీకిపోయి యుండెను.)

1906లో కర్టిస్ రైటు సోదరులను వారి యూరిలో కలిసికొని సంభాషించెను. రెండేండ్లకు ఆయన విమానము నెగురవేయగా, తమ హక్కు దొంగిలింపబడినదని వారు తలచిరి. విమానము ప్రక్కలకు ఒరగకుండ వారు రెక్కలనే మెలిద్రిప్పుదురు. కర్టిస్ బృందమువారు రెక్కల చివర కీలుపై ఆడు చిన్న పలకలను వాడిరి. ఈ రెండును ఒక్కటియేనా కావా యన్నదే వివాదము. 1909లో రైటు సోదరులు దావా వేసిరి. 1914లో న్యాయస్థానము తుదకు రైటు పక్షమున తీర్పు చెప్పెను. విల్బరు 1912లోనే టైఫాయిడు జ్వరముచే మరణించెను. ఈ వ్యాజ్యపు చింతయే ఆయనను క్రుంగదీసినదని కుటుంబమువారు నమ్మిరి.

కీలు పలకల విషయమున కర్టిస్ వాదములో న్యాయము కొంత కలదని మా యభిప్రాయము. నేటి విమానములన్నిటి రెక్కలకును అట్టి పలకలే యున్నవి. కాని 1914లో జరిగిన మఱియొక కార్యమును మేము సమర్థింపజాలము. లాంగ్లీ అను పండితుడు ఆవిరితో నడచు చిన్న విమానములను 1896లో చక్కగా ఎగురవేసెను గాని, 1903లో మనుష్యుని మోయు పెద్ద విమానమును కట్టగా అది రెండు పర్యాయములును నదిలో కూలెను. చిన్న నమూనా ఎగిరినంత మాత్రమున పెద్దది ఎగురునని నిశ్చయము లేదు. స్మిత్సోనియన్ సంస్థవారు ఆ పాత యంత్రమును కర్టిస్‌కు అప్పగింపగా, ఆయన దానిని పలుచోట్ల మార్చి, తేలు పడవలు కట్టి, క్యూకా సరస్సుపై కొంచెము లేపెను. వెంటనే ఆ సంస్థవారు, మనుష్యుని మోయగల మొదటి విమానము రైటు సోదరులది కాదు, లాంగ్లీదేయని ప్రకటించిరి. చేసిన మార్పులను తగినట్లు బయటపెట్టలేదు. మనసు విఱిగిన ఆర్విలు 1928లో తమ 1903 నాటి విమానమును లండనుకు పంపివేసెను. 1942లో ఆ సంస్థవారు తప్పు నొప్పుకొనిరి. విమానము 1948 నవంబరులో స్వదేశమునకు చేరెను, అప్పటికి ఆర్విలు మరణించి కొన్ని నెలలయ్యెను. ఇందు పెద్ద తప్పు సంస్థవారిదే యైనను, మార్పులు చేసిన చేయి కర్టిస్‌ది. వ్యాజ్యములో తనకు మేలగునని ఆయనకు తెలియును.

యుద్ధము వచ్చుటచే 1917లో అమెరికా విమాన నిర్మాతలందఱును హక్కులను ఉమ్మడిగా పంచుకొన నంగీకరించిరి. కర్టిస్ కర్మాగారమున పుట్టిన జెన్నీ విమానములపై వేలకొలది యువకులు విమానవిద్య నేర్చిరి. 1919 మేలో ఆయన సహాయమున నిర్మింపబడిన ఎన్.సి.-4 నీటి విమానము, మధ్యమధ్య దిగుచు, అట్లాంటిక్ సముద్రమును మొదటిసారిగా దాటెను. పిమ్మట కర్టిస్ వ్యాపారమునుండి తొలగి, ఫ్లోరిడాలో హయలియా మొదలగు పట్టణములను నిర్మించుచు కాలము గడపెను.

1929లో ఒక విచిత్రము జరిగినది. న్యాయస్థానములలో పోరాడిన రెండు పేర్లును కలిసి కర్టిస్-రైట్ అను ఒకే సంస్థ యయ్యెను. 1940లో బెంగుళూరున స్థాపింపబడిన హిందూస్థాన్ విమాన కర్మాగారమున 1942లో కూర్పబడిన యుద్ధవిమానములు ఆ సంస్థవారి హాక్ జాతివే.

దానిని చూచుటకు కర్టిస్ లేడు. ఒక పాత భాగస్వామి వేసిన దావాలో సాక్ష్యమిచ్చుటకు 1930లో రోచెస్టరు వచ్చి యుండగా ఉదరమున నొప్పి పుట్టెను. బఫెలో నగరమున శస్త్రచికిత్స జరిగిన కొలది దినములకు, జూలై 23వ తేదీన, తన 52వ యేట మరణించెను. హామండ్స్‌పోర్టుననే సమాధి చేసిరి.

ఆ యూరిలో ఆయన పేర ఒక ప్రదర్శనశాల గలదు. పాత మోటారు సైకిళ్లును విమానములును అందు ప్రక్కప్రక్కనే నిలిచియుండును. ఉద్యోగములు విరమించిన పెద్దలు పలువురు జీతము లేకయే అచ్చటి పనిశాలలో చేరి, కర్టిస్ విమానములకు సరియైన ప్రతిరూపములను కట్టుచుందురు. 1914లో అట్లాంటిక్ దాటుటకై ఆయన నిర్మించిన అమెరికా అను నీటి విమానమునకు వారు చేసిన ప్రతిరూపము 2008లో క్యూకా సరస్సుపై నుండి లేచెను.