డాక్టరు రెబెక్కా లీ క్రంప్లర్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో వైద్యపట్టము పొందిన మొదటి నల్లజాతి స్త్రీ రెబెక్కా లీ క్రంప్లర్. ఈమె జీవితము మన విద్యార్థులును వారి తల్లిదండ్రులును తెలిసికొనదగినదని తలంచి యిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

రెబెక్కా 1831వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీన డెలావేరు రాష్ట్రమున జన్మించెను. పెన్సిల్వేనియా రాష్ట్రమున దగ్గర బంధువురాలొకతె ఈమెను పెంచెను. ఇరుగుపొరుగున ఎవరికి జబ్బు చేసినను ఆ యిల్లాలికే కబురు వచ్చుచుండెడిది. రోగుల బాధ తీర్చవలెనను కోరిక బాలికకు ఆ యింటనే కలిగెను.

1852వ సంవత్సరమున రెబెక్కా బాస్టను నగర సమీపమునగల చార్లెస్‌టౌనుకు వచ్చి, ఎనిమిదేండ్లు నర్సుగా పనిచేసెను. ఆ దేశమున నర్సులకు శిక్షణ నిచ్చు పాఠశాలలు అప్పటికి లేవు. ఈమె పనితనమును చూచిన వైద్యులే సిఫారసు ఉత్తరము లిచ్చిరి. వాటి బలమున 1860లో బాస్టనులోని స్త్రీల వైద్యకళాశాలయందు ప్రవేశము లభించెను. అప్పుడు ఆ దేశమునగల యేబదినాలుగువేలకు పైబడిన వైద్యులలో స్త్రీలు సుమారు 300 మంది మాత్రమే. వారిలో నల్లజాతివారు ఒక్కరును లేరు. చదువు ముగియకమునుపే 1863లో భర్త మరణించెను. అయినను రెబెక్కా వెనుదీయక 1864లో పట్టము పొందెను. మరుసటి యేడు ఆర్థర్ క్రంప్లరును వివాహమాడెను.

1865లో అంతర్యుద్ధము ముగిసెను, బానిసత్వము రద్దయ్యెను. సుమారు నలుబది లక్షలమంది స్వతంత్రులైరి. కాని వారిలో అనేకులకు ఇల్లు లేదు, తిండి లేదు, జబ్బు చేసినచో చూచువారు లేరు. శ్వేతజాతి వైద్యులలో పలువురు వారిని ముట్టుటకును ఇష్టపడరైరి. అట్టి సమయమున డాక్టరు క్రంప్లర్ వర్జీనియా రాష్ట్రపు ముఖ్యపట్టణమైన రిచ్మండునకు వెళ్లి, ప్రభుత్వమువారు విముక్తుల కొరకు స్థాపించిన శాఖతో కలిసి పనిచేసెను. అచట ముఖ్యముగా స్త్రీలకును శిశువులకును చికిత్స చేసెను. ఈమె వ్రాసిన చీటికి మందు లిచ్చుటకు ఔషధశాలలవారు నిరాకరించుచుండిరనియు, తోటి వైద్యులు చులకన చేయుచుండిరనియు చెప్పుదురు. అయినను ఆమె తన రోగులను విడువలేదు.

1869లో బాస్టనునకు తిరిగివచ్చి, జాయి వీథిలో కాపురముండి, డబ్బు ముట్టునా లేదా యని చూడక బిడ్డలకు వైద్యము చేసెను. పిమ్మట హైడ్ పార్కునకు మారెను. 1883లో తన అనుభవమును గ్రంథముగా ప్రకటించెను. నల్లజాతివారు ఆ దేశమున ప్రకటించిన తొలి వైద్యగ్రంథములలో అది యొకటి. దాని మొదటి భాగము పుట్టినది మొదలు అయిదేండ్లవరకు శిశువులకు వచ్చు ప్రేగుల జబ్బులను గూర్చినది. రెండవది ముఖ్యముగా స్త్రీల ఆరోగ్యమును గూర్చినది. ఇది పండితులకొరకు కాక, తల్లులకొరకును నర్సులకొరకును వ్రాయబడినది. జబ్బు వచ్చినపిదప మందు వెదకుటకంటె, దాని కారణమును ముందే తెలిసికొని తొలగించుట మేలని దీని సారాంశము. బిడ్డ ప్రాణము తొలుత వైద్యుని చేతిలో కాదు, తల్లి చేతిలో నున్నదని ఆమె గ్రహించెను. కావుననే తాను నేర్చిన విద్యను తల్లుల చేతికే అందించెను.

1895వ సంవత్సరము మార్చి 9వ తేదీన ఆమె పరమపదించెను. ఈమె రూపమును చూపు ఛాయాపటము ఒక్కటియు మిగులలేదు. సమాధిపై నూట యిరువదియైదేండ్లు పేరుగల రాయియైనను లేకుండెను. 2020లో ప్రజలు చందాలు వేసికొని ఆ రాతిని నిలిపిరి. ఆమె గ్రంథము మాత్రము నేటికిని నిలిచియున్నది.

బాలబాలికలారా! పాఠశాలలో మీరు నేర్చు ఆరోగ్యసూత్రములు పరీక్షకు మాత్రమే కావు. వాటిని ఇంటికి కొనిపోయి మీ తల్లులకును చెల్లెండ్రకును తెలుపుడు. డాక్టరు క్రంప్లర్ కోరినదియు అదియే.