ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన బిషప్ అజరయ్య

మన సంఘం వెలువరిస్తున్న ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని పెద్దలు అడిగారు. మన్యం వీరుల గురించి, సవర బిడ్డలకు బడులు పెట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారి గురించి మనవాళ్లు ఇదివరకే చాలా రాశారు. నేను బిషప్ అజరయ్య గారి గురించి రాస్తున్నాను. ఎందుకో ముందుగా చెప్పాలి.

కంచరపాలెంలో ఉంటూ గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్‌గా పనిచేస్తున్నాను. పాడేరు, అరకు, చింతపల్లి వైపు నుంచి పిల్లలు వస్తారు. అందరూ ఎస్టీలే అని కాగితం మీద ఒక్క మాటలో రాస్తాం. కానీ భోజనాల గదిలోకి వస్తే ఏ తెగ పిల్లలు ఆ తెగతోనే కూర్చుంటారు. కొండ మీద ఒక తెగ ఇంట మరో తెగ వాళ్లు తినని పాత పట్టింపులు ఇంకా పూర్తిగా పోలేదు. ఒక ఏడాది ఈ విషయమై పిల్లల మధ్య గొడవ వచ్చింది. గొడవ సద్దుమణిగితే చాలనుకుని వాళ్లను వేరువేరు వరుసల్లో కూర్చోబెట్టాను. గది నిశ్శబ్దంగా మారింది. సమస్య తీరిందనుకున్నాను. అప్పట్లోనే ఒక ఆదివారం అజరయ్య గారి జీవితం గురించి చదివాను. నేను చేసింది ఎంత పెద్ద పొరపాటో అప్పుడు తెలిసింది.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో వెళ్లాళన్‌విళై అనే గ్రామంలో జన్మించారు. వారిది నాడార్ కుటుంబం. తాటిచెట్టును నమ్ముకుని బతికిన ఆ కులాన్ని అప్పటి సమాజం చాలా చిన్నచూపు చూసింది. తండ్రి థామస్ వేదనాయగం గారు క్రైస్తవ గురువు. అజరయ్య గారి చిన్నతనంలోనే ఆయన చనిపోయారు. తల్లి ఎలెన్ గారు ప్రార్థనలోనూ క్రమశిక్షణలోనూ కొడుకును పెంచారు. ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు గానీ డిగ్రీ పట్టా అందుకోలేదు. ఈ సంగతి మా పిల్లలకు తప్పకుండా చెబుతుంటాను. అదే వ్యక్తికి 1920లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

చదువు ముగిశాక 1895 నుంచి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణ భారతమంతా తిరిగారు. మన దేశంలో సేవ చేయడానికి ఎప్పుడూ విదేశీయులే రావాలా, వారి డబ్బే కావాలా అనే ప్రశ్న ఆయనను వెంటాడింది. 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడటానికీ, 1905 క్రిస్మస్ రోజున సేరంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడటానికీ ఆయన ముఖ్య కారకులయ్యారు. మనుషులూ మనవాళ్లే, కానుకా మనదే అన్నది ఆ సంస్థల నియమం.

తిరునెల్వేలి సంఘం సేవ కోసం ఎంచుకున్నది నిజాం రాజ్యంలోని మానుకోట, డోర్నకల్ ప్రాంతం. అక్కడికి ఇతరులను పంపి తాను హాయిగా ఉండటం అజరయ్య గారి మనసుకు నచ్చలేదు. 1909లో గురువుగా అభిషేకం పొంది, మంచి ఉద్యోగం వదులుకుని, భార్య అన్బు మరియమ్మాళ్ గారితో, పిల్లలతో డోర్నకల్ చేరుకున్నారు. అప్పటికి ఆయన వయసు 35 ఏళ్లు. తెలుగు అక్షరాలు కూడా రావు. అ, ఆ నుంచి మొదలుపెట్టి, పల్లె జనంతో వాళ్ల భాషలో మాట్లాడే స్థాయికి ఎదిగారు. కొండ మీద బడికి వెళ్లి, పిల్లల మాట అర్థంకాక నిలబడిపోయిన ప్రతి టీచరుకూ ఆ కష్టం ఏమిటో తెలుసు.

1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన ప్రసంగించారు. విదేశీ మిషనరీలు ఎన్నో త్యాగాలు చేశారని ఒప్పుకుంటూనే, భారతీయులతో సాటి మనుషులుగా, స్నేహితులుగా మెలగడం లేదని నిర్మొహమాటంగా చెప్పారు. సభలో కొందరికి అది రుచించలేదు. అయినా రెండేళ్లకే, 1912 డిసెంబరు 29న, కలకత్తా సెయింట్ పాల్ కథీడ్రల్‌లో ఆయన బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే.

పదవి వచ్చినా ఎద్దుబండి ప్రయాణం ఆగలేదు. ఊరూరా గుడారాలు వేసుకుని పల్లె సంఘాలను చూసేవారు. ఆ సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. ఊరంతా వాళ్లను దూరం పెడితే, వాళ్లలో వాళ్లు ఒకరినొకరు దూరం పెట్టుకునేవారు. ప్రభు భోజనంలో మాత్రం అందరూ ఒకే రొట్టె, ఒకే గిన్నె పంచుకోవాలని అజరయ్య గారు పట్టుబట్టారు. ఇది ఒక్కరోజులో సాధ్యమయ్యే పని కాదు. అలకలూ తగాదాలూ ఆయన జీవితకాలమంతా వచ్చాయి. అయినా శాంతి కోసమని రెండు గిన్నెలు పెట్టడానికి ఆయన ఒప్పుకోలేదు. నేను చేసిన పొరపాటు సరిగ్గా ఇక్కడే ఉంది.

ఆయనలో నన్ను కదిలించిన రెండో గుణం, పేదవాణ్ని చేయి చాచేవాడిగా చూడకపోవడం. ఇంట్లో వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు పక్కన పెట్టి సంఘానికి ఇవ్వమని స్త్రీలకు నేర్పించారు. కూలి చేసుకునే తల్లి కూడా ఇవ్వగలదని, ఇచ్చే చేతికి గౌరవం ఉంటుందని ఆయన నమ్మకం. బాప్తిస్మం తీసుకున్నవారు తమ తల మీద తామే చేయి పెట్టుకుని, తెలిసిన మంచిని మరొకరికి చెబుతామని ప్రమాణం చేసేవారు. అక్షరం రానివాడికీ ఒక బాధ్యత దొరికేది. డోర్నకల్‌లో శిక్షణకు వచ్చే ఉపదేశులతో పాటు వాళ్ల భార్యలకూ చదువు చెప్పేవారు. బడి పిల్లలు పుస్తకంతో పాటు పొలం పని కూడా నేర్చుకున్నారు.

మన పిల్లలు పుట్టినప్పటి నుంచి వినే మాట లబ్ధిదారులు. పుస్తకాలు ఇస్తారు, దుప్పట్లు ఇస్తారు, వరుసలో నిలబెట్టి ఫొటోలు తీస్తారు. అవన్నీ అవసరమే, కాదనను. కానీ నువ్వు కూడా ఇవ్వగలవని వాళ్లతో ఎవరు చెబుతున్నారు?

ఆయన విశ్వాసం మన నేలను కాదనలేదు. డోర్నకల్ ఎపిఫనీ కథీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరుపుకుంది. అందులో దక్షిణాది గుడి మండపాల్లాంటి స్తంభాలు, మసీదును తలపించే గుమ్మటాలు, సిలువతో పాటు తామరపువ్వు కనిపిస్తాయి. ఆ చుట్టుపక్కల లంబాడీ తండాలు, కోయ గూడేలు ఉన్నాయి. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం కోయల మధ్య అంతకుముందే మొదలైన సేవ కూడా తర్వాత ఈ అధ్యక్ష ఖండంలోనే కలిసింది. మతం మారడం విషయంలో గాంధీజీకీ ఆయనకూ అభిప్రాయ భేదం వచ్చింది. మన సంఘంలోనూ ఆ విషయంపై రెండు అభిప్రాయాలు ఉన్నాయి. ఎవరి నమ్మకం వారిది. కానీ అదే అజరయ్య గారు క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

దక్షిణ భారత సంఘాలన్నీ ఒక్కటి కావాలని 1919 తరంగంబాడి సమావేశం నుంచి ఆయన శ్రమించారు. ఆ ఐక్యత 1947 సెప్టెంబరులో జరిగింది. చూడటానికి ఆయన లేరు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. అక్కడి మట్టిలోనే ఉన్నారు.

ఆ పుస్తకం చదివిన మర్నాడు హాస్టల్లో వరుసలు తీసేశాను. నేనూ పళ్లెం పట్టుకుని పిల్లల మధ్య కూర్చున్నాను. మొదటి వారం ఇద్దరు అమ్మాయిలు సరిగా అన్నమే తినలేదు. నాకు భయం వేసింది, కానీ వెనక్కి తగ్గలేదు. వడ్డన బాధ్యత పిల్లలకే వంతులవారీగా అప్పగించాను. ఏ తెగ అమ్మాయి వంతు వస్తే ఆమె చేతి అన్నమే అందరూ తినాలి. నెలలు పట్టింది. ఇప్పుడు తిననని అలిగిన ఆ ఇద్దరిలో ఒకరు, కొత్తగా వచ్చి ఏడుస్తున్న పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, తన పళ్లెంలోని కూర పెడుతోంది.

విజయవాడ మీదుగా వరంగల్ వెళ్లే రైలు దారిలో డోర్నకల్ జంక్షన్ వస్తుంది. మన పిల్లలను అటు తీసుకెళ్లే అవకాశం ఉన్నవాళ్లు ఒకసారి దిగి, ఆ కట్టడాన్ని చూపించండి. కట్టించినాయన గురించి కూడా చెప్పండి.