బటిస్టా పినిన్‌ఫరీనా

బటిస్టా పినిన్‌ఫరీనా (1893 నవంబరు 2 – 1966 ఏప్రిల్ 3) ఇటలీ దేశానికి చెందిన సుప్రసిద్ధ కారు బాడీ నిర్మాత, రూపశిల్పి. 1930లో టురిన్ నగరములో ఇతడు స్థాపించిన సంస్థ లాంచా, ఆల్ఫా రోమియో, ఫియట్, ఫెరారీ, ప్యూజో మొదలైన కంపెనీల కార్లకు రూపకల్పన చేసింది. పైకప్పు వెనుకకు మడుచుకునే రెండు సీట్ల ఆల్ఫా రోమియో స్పైడర్, ఇతని పేరు మీద చెప్పబడే చివరి కారు. 1966 మార్చిలో జెనీవా మోటారు ప్రదర్శనలో అది ప్రజల ముందుకు వచ్చింది. నెల తిరగకుండానే ఇతడు కన్నుమూశాడు. కారు మాత్రము 1993 వరకు తయారవుతూనే ఉంది.

పేరు

ఇతని అసలు పేరు బటిస్టా ఫరీనా. పదకొండు మంది సంతానములో పదవవాడు. ఇటలీ వాయవ్య ప్రాంతమైన పీడ్‌మాంట్ మాండలికములో పినిన్ అంటే చిన్నవాడు అని అర్థము. ఇంట్లో ముద్దుగా పిలిచిన ఆ పేరే దుకాణములోనూ, ఊరిలోనూ స్థిరపడింది. తన సంస్థకు కూడా ఆ ముద్దుపేరునే ముందు చేర్చి పినిన్ ఫరీనా అని రెండు మాటలుగా పెట్టుకున్నాడు. 1961లో ఇటలీ అధ్యక్షుని ఉత్తర్వు ద్వారా ఆ రెండు మాటలు కలిసి పినిన్‌ఫరీనా అనే ఇంటిపేరుగా మారాయి. సంస్థ పేరు కూడా అదే విధముగా మారింది. ఇంట్లో పిలిచే చిన్న పేరు ప్రభుత్వ ముద్రతో వంశనామము కావడం అరుదైన విషయమే.

బాల్యము, పని నేర్చుకోవడం

బటిస్టా పీడ్‌మాంట్‌లోని కోర్తాంజే గ్రామములో జన్మించాడు. పన్నెండవ ఏట టురిన్‌లో అన్న జొవాన్ని నడుపుతున్న బాడీ తయారీశాలలో పనికి చేరాడు. ఆ కాలములో కారు కొనే విధానము నేటి వలె ఉండేది కాదు. కంపెనీ ఇంజను, చక్రాలు, ఛాసిస్ మాత్రమే ఇచ్చేది. కొన్నవారు దానిని బాడీ కట్టే శాలకు తీసుకుపోయి, తమకు నచ్చిన రీతిలో పైభాగము కట్టించుకునేవారు. మన ప్రాంతములో లారీలకు బాడీ కట్టించే పద్ధతిని చూసినవారికి ఇది సులభముగానే అర్థమవుతుంది. ఇటలీలో ఈ వృత్తి గుర్రపు బగ్గీలు కట్టే పనివారి నుండి వచ్చినది. కొయ్యతో అచ్చు చేసి, దాని మీద లోహపు రేకును సుత్తితో కొట్టి ఆకారము తేవడం ఇందులోని ప్రధానమైన విద్య. బటిస్టా చదువు అంతా ఆ సుత్తుల చప్పుడు మధ్యనే సాగింది.

ఫియట్ కంపెనీ జీరో అనే చిన్న కారును తయారు చేయదలచినప్పుడు, దాని రేడియేటరు ముఖభాగానికి యువకుడైన బటిస్టా సమర్పించిన నమూనాను కంపెనీ అధిపతి జొవాన్ని అన్యెల్లి ఎంపిక చేశాడని చెబుతారు. 1920లో ఇతడు అమెరికా వెళ్ళి డెట్రాయిట్ కర్మాగారాలను చూశాడు. హెన్రీ ఫోర్డు ఉద్యోగము ఇవ్వజూపగా అంగీకరించక తిరిగి వచ్చాడు. ఆ ప్రయాణములో చూసిన విషయము మాత్రము మనసులో నాటుకుంది. అక్కడ కార్లు వందలు, వేలుగా ఒకే అచ్చులో వస్తున్నాయి. టురిన్‌లో ఒక్కొక్క కారుకు ఒక్కొక్క బాడీని వారాల తరబడి కొడుతున్నారు. చేతిపనిలోని అందమును విడువకుండా అమెరికా పద్ధతిలో సంఖ్యను పెంచడం ఎలాగన్న ప్రశ్న ఇతని తరువాతి జీవితమంతటా కనిపిస్తుంది.

ఇతని భార్య పేరు రోజా. వీరికి కుమార్తె జియాన్నా, కుమారుడు సెర్జియో (జననం 1926) కలిగారు. అన్న జొవాన్ని కుమారుడు నినో ఫరీనా 1950లో ఫార్ములా వన్ పోటీల మొట్టమొదటి ప్రపంచ విజేత అయ్యాడు.

సొంత సంస్థ

అన్న వద్ద దాదాపు పాతికేళ్ళు పని చేసిన తరువాత, 1930 మే నెలలో బటిస్టా టురిన్‌లోని కోర్సో త్రపానీ వీధిలో సొంత సంస్థను ప్రారంభించాడు. లాంచా కంపెనీ స్థాపకుడు విన్చెంజో లాంచా ఇతనికి అండగా నిలిచాడు. ప్రపంచమంతటా ఆర్థిక మాంద్యము కమ్ముకుంటున్న రోజులవి. ధనికుల కోసము ఖరీదైన బాడీలు కట్టే శాల తెరవడానికి అంతకంటే చెడ్డ సమయము ఉండదు. అయినా సంస్థ నిలదొక్కుకుంది. 1930లలో ఇతడు గాలి ఒరవడికి అనువైన నున్నని రూపాల వైపు మొగ్గు చూపాడు. 1936-37 కాలములో లాంచా అప్రీలియా ఛాసిస్ మీద చేసిన కార్లు ఇందుకు ఉదాహరణ. రెండవ ప్రపంచ యుద్ధములో కర్మాగారము బాంబు దాడులకు గురైంది.

పారిస్ ప్రదర్శన ద్వారము వద్ద

యుద్ధము ముగిసిన తరువాత 1946లో పారిస్ మోటారు ప్రదర్శన తిరిగి మొదలైంది. శత్రుదేశమన్న కారణముతో ఇటలీ సంస్థలకు అందులో చోటు ఇవ్వలేదు. అప్పటికి బటిస్టా వయస్సు 52 ఏళ్ళు. తాను, కుమారుడు సెర్జియో చెరొక కారు నడుపుకుంటూ టురిన్ నుండి పారిస్ చేరారు. ఒకటి ఆల్ఫా రోమియో 6సి 2500, రెండవది లాంచా అప్రీలియా. రెండూ పైకప్పు తెరిచే కార్లే. ప్రదర్శన జరుగుతున్న గ్రాన్ పలే భవనపు ద్వారము వద్దనే వాటిని నిలిపి ఉంచారు. లోపలికి వెళ్ళేవారు, బయటికి వచ్చేవారు వాటి చుట్టూ మూగారు. బాడీ కట్టే పనివానిగా మొదలైన ఇతనిలో వ్యాపారి ఎంత చురుకైనవాడో ఈ ఒక్క ఉదంతము చాలు తెలుసుకోవడానికి.

మరుసటి ఏడాది వచ్చిన చిసిటాలియా 202 ఇతనికి అంతర్జాతీయ ఖ్యాతి తెచ్చింది. అంతకుముందు కారు అంటే ఇంజను పెట్టె, దీపాలు, చక్రాల కప్పులు విడివిడిగా చేసి అతికించినట్లు ఉండేది. ఈ కారులో అవన్నీ ఒకే రేకులో కలిసిపోయి, ఒకే ఆకారముగా కనిపించాయి. 1951లో న్యూయార్కులోని ఆధునిక కళా ప్రదర్శనశాల ఎనిమిది కార్లను కళాఖండాలుగా ప్రదర్శించినప్పుడు వాటిలో ఇది ఒకటి. తరువాత ఆ సంస్థ శాశ్వత సేకరణలోనూ చేరింది. అయితే ఈ కారు తొలి చిత్రాలలో ఇంజనీరు జొవాన్ని సవోనుజ్జి పాత్ర ఉన్నదని కూడా గుర్తించాలి. ఇతని పేరు మీద ఉన్న అనేక కార్ల విషయములో ఈ ప్రశ్న ఎదురవుతుంది.

స్పైడర్ కార్లు

రెండు సీట్లు, తెరిచే పైకప్పు ఉన్న తేలికపాటి కారును ఇటలీలో స్పైడర్ అంటారు. సన్నని చక్రాలతో సాలీడును తలపించే ఒక రకపు గుర్రపు బండి నుండి ఈ మాట వచ్చింది. బటిస్టా పనితనములో వచ్చిన మార్పును ఈ స్పైడర్ల ద్వారానే స్పష్టముగా గమనించవచ్చు.

1955లో వచ్చిన లాంచా ఆరేలియా బి24 స్పైడర్ అద్భుతమైన కారే గాని, తయారైనవి 240 మాత్రమే. అదే ఏడాది వచ్చిన ఆల్ఫా రోమియో జూలియెట్టా స్పైడర్ కథ వేరు. జూలియెట్టా కూపేను బెర్టోనె సంస్థ రూపొందించింది. దానినే పైకప్పు తెరిచే కారుగా చేస్తే అమెరికాలో అమ్మగలనని, వందల కార్లు తీసుకుంటానని న్యూయార్కు దిగుమతిదారు మాక్స్ హాఫ్‌మన్ ఆల్ఫా రోమియోను పట్టుబట్టాడు. బెర్టోనె, పినిన్ ఫరీనా ఇద్దరూ నమూనాలు సమర్పించారు. బెర్టోనె నమూనా మరింత సాహసోపేతమైనది. ఫరీనా నమూనాలో ఆర్భాటము లేదు. రేఖలు తక్కువ, రేకు కొట్టడం సులభము, చూడగానే నచ్చుతుంది. ఆల్ఫా రోమియో దీనినే ఎంచుకుంది. 1290 సీసీ ఇంజనుతో వచ్చిన ఈ చిన్న కారు 1962 వరకు సుమారు 17,000 తయారైంది.

ఈ సంఖ్యతోనే సంస్థ స్వభావము మారిపోయింది. కోర్సో త్రపానీ శాల చాలలేదు. 1958లో టురిన్ శివారులోని గ్రుల్యాస్కోలో పెద్ద కర్మాగారము ప్రారంభమైంది. ఆల్ఫా రోమియో నుండి యంత్రభాగాలు రావడం, ఇక్కడ బాడీలు తయారు చేసి, రంగులు వేసి, లోపలి పని ముగించి పంపడం అనే ఏర్పాటు స్థిరపడింది. డెట్రాయిట్‌లో మనసులో పడిన ప్రశ్నకు 38 ఏళ్ళ తరువాత సమాధానము దొరికిందన్నమాట.

ఇతర కంపెనీలతో

బటిస్టా పేరు చెప్పగానే అందరికీ గుర్తు వచ్చేది ఫెరారీ. మొదట ఎంజో ఫెరారీ టురిన్ రావడానికి ఇష్టపడలేదు, బటిస్టా మరనెల్లో వెళ్ళడానికి ఇష్టపడలేదు. చివరకు 1951లో ఇద్దరూ రెండు ఊళ్ళకూ మధ్యనున్న టొర్టోనాలో ఒక భోజనశాలలో కలుసుకున్నారు. 1952లో తొలి కారు, 212 ఇంటర్ వచ్చింది. అది కూడా పైకప్పు తెరిచే కారే. ఫెరారీ వ్యవహారాలను బటిస్టా యువకుడైన కుమారుడు సెర్జియోకు అప్పగించాడు.

అమెరికాలో నాష్, ఫ్రాన్సులో ప్యూజో, బ్రిటన్‌లో బి.ఎం.సి. కూడా ఇతని సంస్థతో రూపకల్పన చేయించుకున్నాయి. భారతీయ పాఠకులకు ఆసక్తి కలిగించే విషయము ఒకటి ఉంది. హిందూస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్‌కు మూలము బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ 3వ శ్రేణి కారు. 1959లో బ్రిటన్‌లో దాని స్థానములో వచ్చిన 5వ శ్రేణి, ఫరీనా రూపకల్పన. మన దేశములో మాత్రము పాత గుండ్రని రూపమే 2014 వరకు రోడ్డెక్కుతూ వచ్చింది.

చివరి కారు

1960ల ఆరంభములో బటిస్టా సంస్థ నిర్వహణను సెర్జియోకు, అల్లుడు రెంజో కార్లికి అప్పగించాడు. టురిన్ పాలిటెక్నిక్ 1963లో ఇతనికి వాస్తుశాస్త్రములో గౌరవ పట్టా ఇచ్చింది. జూలియెట్టాకు వారసురాలి ఆలోచన అప్పటికే చాలా కాలముగా నడుస్తోంది. 1956 నుండి 1960 వరకు సూపర్‌ఫ్లో అనే వరుసలో ప్రయోగాత్మక కార్లు చేశారు. పక్కల పొడవునా లోపలికి నొక్కినట్లుండే గాడి, పడవ అడుగు వలె సన్నబడి దిగిపోయే వెనుక భాగము వాటిలో క్రమముగా రూపు దిద్దుకున్నాయి. ఇవే చివరకు స్పైడర్‌లో కుదురుకున్నాయి.

ఈ కారును గీసినది ఎవరు అన్న విషయములో చర్చ ఉన్నది. సంస్థ రూపకల్పన విభాగానికి అప్పుడు ఫ్రాంకో మార్టినెంగో అధిపతి. ఆల్డో బ్రోవరోనె పాత్రను కూడా చాలామంది పేర్కొంటారు. బటిస్టా కాగితము మీద గీయడం కంటే, కొయ్య నమూనా ముందు నిలబడి చేతితో తడిమి, ఇక్కడ తగ్గించు, అక్కడ పెంచు అని చెప్పే తరము మనిషి. ఆ దృష్టితో చూస్తే, పెన్సిలు ఎవరిదైనా, ఏ రేఖ నిలవాలో, ఏది పోవాలో నిర్ణయించినది ఇతడే కనుక చివరి కారుగా దీనిని చెప్పడములో తప్పు లేదు.

1570 సీసీ ఇంజను, సుమారు 109 అశ్వశక్తి, అయిదు గేర్లు, నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు దీని విశేషాలు. 1966 మార్చిలో జెనీవాలో చూసినవారందరూ మెచ్చుకోలేదు. గుండ్రని వెనుక భాగమును వెక్కిరిస్తూ ఇటలీవారు దీనికి కటిల్‌ఫిష్ ఎముక అని పేరు పెట్టారు. ఆల్ఫా రోమియో మాత్రము పేరు కోసము బహిరంగ పోటీ పెట్టి, ఒక కారును బహుమతిగా ప్రకటించింది. లక్షకు పైగా వచ్చిన సూచనలలో డుయెట్టో ఎంపికైంది. ఇద్దరు కలిసి పాడే పాట అని దాని అర్థము. అప్పటికే ఒక తినుబండారానికి ఆ పేరు ఉండడం వలన అధికారికముగా వాడలేకపోయారు. అయినా జనము నోట నేటికీ అదే పేరు.

ఈ పేరు గొడవ గాని, వెక్కిరింపులు మెప్పుగా మారడం గాని బటిస్టా చూడలేదు. 1966 ఏప్రిల్ 3న స్విట్జర్లాండులోని లోసాన్ నగరములో 72వ ఏట మరణించాడు.

మరణానంతరము

1967లో వచ్చిన ద గ్రాడ్యుయేట్ అనే అమెరికా చలనచిత్రములో కథానాయకుడు డస్టిన్ హాఫ్‌మన్ ఎర్రని స్పైడర్ నడపడముతో అమెరికాలో ఈ కారు అందరి కంటా పడింది. గుండ్రని వెనుక భాగమును 1969 చివరలో నిలువుగా కోసినట్లు మార్చారు. గాలి ఒరవడి దృష్ట్యా, సామాను చోటు దృష్ట్యా అది మేలైనదే గాని, మొదటి రూపములోని సౌష్ఠవము అందులో లేదు. నేడు సేకరణకర్తలు ఎక్కువగా వెదికేది ఆ మొదటి రూపమునే. 1983లో నల్లని రబ్బరు తొడుగులు, 1990లో మరికొన్ని మార్పులు వచ్చాయి. 1993లో తయారీ ఆగిపోయే నాటికి నాలుగు శ్రేణులలో కలిపి సుమారు 1,24,000 స్పైడర్లు తయారయ్యాయి.

సెర్జియో సంస్థను దశాబ్దాల పాటు నడిపి, 2005లో ఇటలీ సెనేటులో జీవితకాల సభ్యుడై, 2012లో మరణించాడు. ఆయన కుమారుడు ఆంద్రేయా 2008లో రోడ్డు ప్రమాదములో మరణించాడు. సంస్థ 2010లో కార్లు తయారు చేయడము ఆపివేసి, రూపకల్పనకు పరిమితమైంది. 2015 డిసెంబరులో భారతదేశపు మహీంద్రా సంస్థలు పినిన్‌ఫరీనాలో సుమారు 76 శాతము వాటా కొనడానికి ఒప్పందము చేసుకున్నాయి. మహీంద్రా ఆధ్వర్యములో ఏర్పడిన కొత్త కార్ల కంపెనీ 2019లో జెనీవా ప్రదర్శనలోనే తన మొదటి విద్యుత్ కారును ప్రకటించి, దానికి బటిస్టా అని పేరు పెట్టింది.